కౌలుదారు చట్టం – నాలుగు దేశాల అనుభవం

తరిగొప్పుల పేరు వినగానే మొదట చెవిన పడేది ‘తరి’ అనే మాట. నిజాం కాలంనాటి రెవెన్యూ భాషలో నీరు పారే పొలాన్ని తరి అనీ, వానను నమ్ముకొన్న భూమిని ఖుష్కీ అనీ వ్రాసేవారు. అయితే పేరును చూచి ఊరిని అంచనా కట్టరాదు. జనగామ ప్రాంతంలో తరికంటె చెలక ఎక్కువ. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్న. ఇక్కడి మనుష్యులు ఉన్న చోటనే ఉండి జిల్లాలు మారినారు. 1953 వరకు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఆ తరువాత వరంగల్లులో చేరినది. 2016 అక్టోబరులో జనగామ తానే జిల్లా అయినది. నర్మెట్ట మండలంలో ఉండిన తరిగొప్పుల ఆనాడే మండల కేంద్రమైనది. జిల్లాల పేర్లు మార్చుట సులభం. పహాణీలో ఒక పేరు మార్చుట ఎంత కష్టమో ఈ ప్రాంతపు డెబ్బై ఐదేండ్ల చరిత్ర చెబుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి ఏడెనిమిదేండ్లలో ఆసియా ఖండంలో అనేక దేశాలు ఒకే ప్రశ్నను ఎదుర్కొన్నవి. పండించేవాడు ఒకడు, పంట తీసుకొనిపోయేవాడు ఇంకొకడు అయినంతకాలం దేశం ఎట్లు బాగుపడుతుంది? జపాను, తైవాన్, చైనా, మన హైదరాబాదు రాష్ట్రం – ఈ నాలుగు చోట్ల చట్టాలు దాదాపు ఒకే కాలంలో వచ్చినవి. నినాదం కూడ ఒక్కటే: దున్నేవానికి భూమి. ఫలితాలు మాత్రం ఒక్క తీరుగా లేవు. ఎందుకు లేవన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా మన ఇంటి సంగతి చూతము. హైదరాబాదు రాజ్యంలో భూమి మూడు విధాలుగా ఉండేది. సుమారు నూటికి అరవై పాళ్ళు దివానీ, అనగా ప్రభుత్వ ఖాల్సా భూమి. ముప్పై పాళ్ళు జాగీర్లు. మిగిలిన పది పాళ్ళు నిజాం ప్రభువు సొంత ఖర్చులకై ఏర్పడిన సర్ఫెఖాస్. దివానీ ప్రాంతంలో రైత్వారీ పద్ధతి ఉన్నదని కాగితాలు చెప్పేవి. కాగితానికీ ఊరికీ నడుమ దేశ్‌ముఖు ఉండేవాడు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో మొదటి సాలార్‌జంగు శిస్తు వసూలు గుత్తలను రద్దు చేసి, జిల్లాలను ఏర్పరచి, వసూలును ప్రభుత్వోద్యోగులకు అప్పగించినాడు. అది గొప్ప సంస్కరణే. అయితే వసూలు అధికారం పోగొట్టుకొన్న దేశ్‌ముఖులకు, దేశ్‌పాండ్యాలకు నష్టపరిహారంగా రుసుములు ఏర్పాటైనవి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. తరువాత భూములను సర్వే చేసి బందోబస్తు చేసినపుడు ఏ భూమి ఎవరిదో చెప్పగల లెక్కలన్నీ వారి చేతులలోనే ఉన్నవి. తరతరాలుగా దున్నుతున్నవాడు కౌలుదారుగానో, మరుపేరు లేని మనిషిగానో మిగిలినాడు. మంచి భూములు వారి పట్టాలోనికి పోయినవి. సంస్కరణ చేసినవాడు ఎంత బుద్ధిమంతుడైనను, లెక్క వ్రాసేవాని మనసు మారకపోతే ఏమి జరుగునో ఇది మొదటి పాఠం. ఆ పాఠం మనకు మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవలసి వచ్చినది.

జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసినారు. అరువది గ్రామాల మీద ఆయన మాటే శాసనం. ఆయన గడీకి ఊరిలో ప్రతి కులమూ వెట్టి చేయవలసినదే. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, కౌలుదారు తన నాగలిని ముందు దొర పొలంలో కట్టాలి. 1940 దశకం మధ్యలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకొంటున్న పొలం మీది పంటను ఆ దేశ్‌ముఖు మనుష్యులు కోసుకొనిపోవుటకు వచ్చినారు. ఆంధ్రమహాసభ కార్యకర్తలు అడ్డు నిలిచి, పంట కోసి ఆమె ఇంటికి చేర్చినారు. కొన్ని ఎకరాల పంట అది. దేశ్‌ముఖు గాదెకు అది లెక్కలోనిది కాదు. అయినను ఆ పంటను వదలుకొంటే అరువది ఊళ్ళు చేయిజారునని ఆయనకు తెలిసినది. దానిని నిలుపుకొంటే అరువది ఊళ్ళు లేచి నిలబడునని సంఘంవారికీ తెలిసినది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుష్యులు ఊరేగింపుపై కాల్పులు జరిపినారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అది ఆరంభమైనది.

ఆ పోరాటానికి ముందు ప్రభుత్వం కన్ను తెరవలేదని అనుట న్యాయం కాదు. 1936లోనే భగేలా ఒప్పందాలను క్రమబద్ధం చేయుటకు చట్టం వచ్చినది. భగేలా అంటే అప్పుకు తాకట్టుపడిన మనిషి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు, కొడుకు పెండ్లి అప్పుకు మనుమడు జీతం చేయుట. 1945 ప్రాంతంలో అసామీ షిక్మీదారుల చట్టం వచ్చినది. చాలాకాలంగా దున్నుతున్న కౌలుదారుకు కొంత హక్కు ఇచ్చుట దాని ఉద్దేశం. రెండు చట్టాలూ గెజెట్టు గడప దాటి ఊరిలోనికి రాలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. ఆ మరుసటి ఏడు, 1949 ఆగస్టు 15న, జాగీర్ల రద్దు శాసనం వెలువడినది. 975 జాగీర్లు, ఆరున్నర వేలకు పైగా గ్రామాలు ప్రభుత్వ పరిపాలనలోనికి వచ్చినవి. 1950 జూన్‌లో హైదరాబాదు కౌలుదారీ మరియు వ్యవసాయ భూముల చట్టం అమలులోనికి వచ్చినది. అది ఆనాటి భారతదేశంలో సాహసోపేతమైన చట్టాలలో ఒకటి. ఆరేండ్లు విడువకుండా భూమిని దున్నిన కౌలుదారును ‘రక్షిత కౌలుదారు’ అన్నారు. అతనిని దొర ఇష్టం వచ్చినపుడు తొలగించరాదు. భూమి అమ్మదలచితే ముందుగా అతనికే అమ్మవలెను. న్యాయమైన ధర వాయిదాలలో చెల్లించి అతడే పట్టాదారు కావచ్చును. ఆరు లక్షలకు మించిన కౌలుదారులు రక్షితులుగా నమోదైనారు. వారు దున్నే భూమి రాష్ట్రంలోని భూమిలో నాలుగవ వంతుకు పైన. కాగితం మీద ఇంతకంటె కోరదగినది లేదు.

ఇప్పుడు సముద్రం దాటి జపానుకు పోదము. యుద్ధంలో ఓడిన జపానును జనరల్ మెకార్థరు నాయకత్వంలో అమెరికా సైన్యం ఏలుతున్నది. ఆ దేశపు సాగుభూమిలో నూటికి సుమారు 46 పాళ్ళు కౌలుదారుల చేతిలో ఉండేది. పంటలో సగం కౌలుగా పోయేది. 1946 అక్టోబరులో రెండవ భూసంస్కరణ చట్టం వచ్చినది. దాని షరతులు నాలుగు మాటలలో చెప్పవచ్చును. ఊరిలో లేని భూస్వామి భూమి అంతా ప్రభుత్వం కొనును. ఊరిలో ఉన్నవాడు కౌలుకు ఇచ్చుటకు ఒక చో, అనగా సుమారు రెండున్నర ఎకరాలు, మాత్రమే ఉంచుకొనవచ్చును. ఉత్తరాన హొక్కైదో దీవిలో నాలుగు చోలు. కొన్న భూమిని ప్రభుత్వం దున్నేవానికే అమ్మును. భూస్వామీ కౌలుదారూ బేరమాడుకొనే అవసరం లేదు. నడుమ ప్రభుత్వమే నిలిచినది.

ఈ చట్టంలో నన్ను ఎక్కువ ఆకర్షించినవి రెండు చిన్న నిబంధనలు. మొదటిది ఒక తేదీ. 1945 నవంబరు 23 నాడు భూమి ఎవరి చేతిలో ఉన్నదో అదే లెక్క. ఆ తరువాత బావమరది పేర వ్రాసినా, కౌలుదారును వెళ్ళగొట్టి సొంత సేద్యమని చెప్పినా చెల్లదు. చట్టం వస్తుందని విని దొర జాగ్రత్తపడుటకు వీలు లేకుండ చట్టమే వెనుకకు నడిచినది. రెండవది ఊరి భూమి సంఘం. దేశమంతటా దాదాపు పదకొండు వేల సంఘాలు ఏర్పడినవి. ఒక్కొక్క దానిలో ఎన్నికైన సభ్యులు పదిమంది: ఐదుగురు కౌలుదారులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత భూమి దున్నే రైతులు. ఏ పొలం ఎవరిదో ఊరిలో అందరికీ తెలుసు. తెలిసినవారినే కూర్చోబెట్టి, అందులో సగం బలం కౌలుదారుకు ఇచ్చి, వారిచేతనే లెక్క తేల్పించినారు. నాలుగేండ్లలో కౌలు భూమి 46 నుండి నూటికి పది పాళ్ళకు దిగినది. భూస్వాములకు ఇచ్చిన ధర రూకలలో నిర్ణయమైనది; ఆ లోపల వస్తువుల ధరలు అనేక రెట్లు పెరిగి ఆ సొమ్ము నామమాత్రమైనది. భూస్వాములు కోర్టులకు ఎక్కినారు, ఓడినారు.

ఈ పనిలో సలహాదారు వుల్ఫ్ లాడెజిన్‌స్కీ అనే అమెరికన్. పుట్టినది యుక్రెయిన్‌లో, రష్యా విప్లవం తరువాత దేశం విడిచి వచ్చినవాడు. రైతుకు భూమి ఇవ్వకపోతే వాడు విప్లవంలోనికి పోవునని అనుభవంతో తెలిసినవాడు. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకోవలెను. తరువాత ఆయన మన గోదావరి జిల్లాకు కూడ వస్తాడు.

తైవాన్ దారి కొంచెం వేరు. చైనా ప్రధాన భూభాగంలో ఓడిపోతున్న కొమింటాంగు ప్రభుత్వం ఆ దీవికి చేరుకొన్నది. 1949లో చెన్ చెంగ్ అనే గవర్నరు కౌలును ప్రధాన పంటలో నూటికి ముప్పై ఏడున్నర పాళ్ళకు తగ్గించినాడు; అంతకు ముందు సగమో, అంతకు పైనో ఉండేది. 1951లో ప్రభుత్వ భూములను కౌలుదారులకు అమ్మినారు. 1953లో ‘దున్నేవానికి భూమి’ చట్టం వచ్చినది. భూస్వామి మధ్యరకం వరి పొలం మూడు చియాలు, అనగా ఏడెకరాల చిల్లర, ఉంచుకొని మిగిలినది ప్రభుత్వానికి ఇచ్చివేయవలెను. ధర ఏటి ప్రధాన పంటకు రెండున్నర రెట్లు. కౌలుదారు ఆ ధరను పదేండ్లలో ధాన్యంగా చెల్లించును.

భూస్వామికి చెల్లించిన తీరు విచిత్రం. నూటికి డెబ్బై పాళ్ళు బియ్యం, చిలగడదుంపల బాండ్లు. అనగా పైకం విలువ పడిపోయినా వానికి నష్టం లేదు. మిగిలిన ముప్పై పాళ్ళు ప్రభుత్వపు నాలుగు పెద్ద కంపెనీలలో వాటాలు: సిమెంటు, కాగితం, గనులు–పరిశ్రమలు, వ్యవసాయం–అడవులు. నిన్నటి భూస్వామిని నేటి ఫ్యాక్టరీ వాటాదారుని చేసినారు. చాలమంది చిన్న భూస్వాములు ఆ వాటాల విలువ ఎరుగక అయినకాడికి అమ్ముకొన్నారు. నిలుపుకొన్నవారిలో కొందరు పెద్ద పారిశ్రామికులైనారు. 1948లో సాగుభూమిలో నూటికి 44 పాళ్ళున్న కౌలు భూమి 1953 నాటికి 17 పాళ్ళకు తగ్గినది. దక్షిణ కొరియాలో కూడ 1950లో ఇటువంటిదే జరిగినది; అక్కడ ధర ఏటి పంటకు ఒకటిన్నర రెట్లు, ఐదేండ్ల వాయిదాలు.

చైనా సంగతి తెలంగాణకు మరీ దగ్గరిది. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు తమ పార్టీకి సమర్పించిన పత్రంలో మన దారి రష్యా దారి కాదు, మావో దారి అని వాదించినారు. సూర్యాపేట, జనగామ పల్లెల్లో దళాలు తిరుగుతున్నపుడు ఆ వాదన పుస్తకాల వాదన కాదు; ప్రాణాలతో చెల్లించవలసిన వాదన. ఉద్యమకారుల లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంపకమైనది. 1951 ఆరంభంలో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చినారు. ఆ ఏడు అక్టోబరులో పోరాట విరమణ జరిగినది. జనగామ అడవి అంచున ఒక పొలం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు వెదుకుతూ మాస్కో వరకు పోవలసి వచ్చినదంటే, దేశాల అనుభవాలను పోల్చుట పండితుల విలాసం కాదని తెలుస్తుంది.

చైనాలో 1950 జూన్‌లో భూసంస్కరణ చట్టం వచ్చినది. ముప్పై కోట్ల మంది రైతులకు భూమి అందినదని ఆ ప్రభుత్వం ప్రకటించినది. పంపకం ఊరిసభలలో జరిగినది. భూస్వాములను నిలబెట్టి నిందించినారు, ఎందరినో చంపినారు. జపానులో నోటీసుతో జరిగిన పని ఇక్కడ రక్తపాతంతో జరిగినది. అంతకంటె విషాదం తరువాతిది. ఇచ్చిన భూమిని ఐదారేండ్లలో సహకార క్షేత్రాలలో కలిపివేసినారు. 1958లో కమ్యూనులు వచ్చినవి. 1959–61 కరువులో కోట్లాది జనం మరణించినారు. 1978లో అన్హుయ్ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే చిన్న ఊరి రైతులు రహస్యంగా పొలాలను ఇంటింటికి పంచుకొన్నారు. ప్రభుత్వం తరువాత అదే పద్ధతిని దేశానికంతటికీ అంగీకరించినది. ముప్పై ఏండ్లు తిరిగి తిరిగి రైతు తన గట్టు మీదికే వచ్చి నిలిచినాడు.

ఈ చైనా పద్ధతిని మనదేశం కూడ ఆశగా చూచిన కాలం ఒకటి ఉన్నది. 1956లో ప్రణాళికా సంఘం పంపిన ప్రతినిధివర్గం చైనా సహకార క్షేత్రాలను చూచి వచ్చి మెచ్చుకొన్నది, అందరూ ఏకీభవించలేదు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమిష్టి సహకార సేద్యాన్ని తీర్మానించినది. దానిని గట్టిగా ఎదిరించినవారు గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య రంగా. రైతుకు గట్టుండవలెను, ఆ గట్టు లోపల వాడే యజమాని కావలెనన్నది ఆయన జీవితకాల వాదం. ఆ ఏడే కాంగ్రెసు విడిచి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టినారు. రంగాగారి రైతు తన భూమి తాను దున్నుకొనే రైతు. ఆ రైతు వద్ద కౌలు చేసేవాని గురించి, కూలి చేసేవాని గురించి ఆయన వాదంలో అంత చోటు లేదని చెప్పక తప్పదు. అయినను కమ్యూనుల విషయంలో ఆయన అనుమానం నిజమైనదని తరువాతి చరిత్ర చూపినది.

మళ్ళీ ఇంటికి వత్తము. 1950 చట్టం ఏమి చేసినది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన అర్థశాస్త్రవేత్త అలీ మహమ్మద్ ఖుస్రో. ఊరూరా విచారణ జరిపించి 1958లో ఆయన ప్రకటించిన గ్రంథం ఇప్పటికీ ప్రమాణం. 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైన ప్రతి నూరుమందిలో మూడు నాలుగేండ్ల తరువాత రక్షితులుగా మిగిలినవారు 45 మంది. భూమి కొని పట్టాదారులైనవారు పన్నెండు మంది. చట్టప్రకారం తొలగింపబడినవారు ఇద్దరు ముగ్గురు. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టబడినవారు 22 మంది. ‘స్వచ్ఛందంగా’ వదులుకొన్నవారు పదిహేడు మంది.

ఈ పదిహేడు మంది దగ్గర ఒక నిమిషం ఆగవలెను. ఆరేండ్లు దున్నిన భూమిని, చట్టం హక్కు ఇచ్చిన భూమిని, ఏ మనిషి తనంతట తాను వదులుకొంటాడు? సంతకమో, వేలిముద్రో కాగితం మీద ఉన్నది, కనుక స్వచ్ఛందం. ఆ వేలిముద్ర వెనుక ఏముండునో పల్లెలో పుట్టినవారికి విప్పి చెప్పనక్కరలేదు. విత్తనాలు దొర దగ్గర తేవలెను. అప్పు దొర దగ్గర ఉన్నది. చెరువు తూము నీరు ఎవరికి ముందు వదలవలెనో చెప్పేవాడు దొర మనిషి. పిల్ల పెండ్లికి దొర కబురు కావలెను. తహసీలు కచేరీకి పోవుటకు ఒక దినపు కూలి పోవును. దొర ముందు నిలిచి ‘నేను రక్షితుడను’ అనుటకు ఇంకా ఎంతో పోవును. కొమరయ్య చనిపోయి ఐదేండ్లు కూడ కాలేదు. సంఘం చెదరినది, దళాలు అడవి విడిచినవి, పారిపోయిన దొరలు తిరిగి వచ్చినారు. చట్టం వచ్చిన వేళ ఊరిలో కౌలుదారు పక్షాన నిలిచేవాడెవడు?

జపాను చట్టంతో పోల్చి చూస్తే తేడా వెంటనే కనబడుతుంది. అక్కడ ప్రభుత్వమే భూమి కొని అమ్మినది. ఇక్కడ కౌలుదారు తానే అడిగి, తానే ధర కట్టి, తానే పోరాడవలసినది. అక్కడ తేదీ వెనుకకు పోయినది. ఇక్కడ చట్టం గురించిన చర్చ ఏండ్ల తరబడి ముందుకు నడిచినది, విన్నవాడు విన్నట్లు జాగ్రత్తపడినాడు. అక్కడ భూస్వామికి సొంత సేద్యమనే మాట మీద కౌలుదారును లేపే వీలు దాదాపు లేదు. ఇక్కడ సొంత సేద్యమంటే జీతగాండ్ర చేత చేయించుట కూడ. పట్నంలో కూర్చుండి పాలేరుతో దున్నించినవాడు కూడ చట్టం దృష్టిలో సేద్యగాడే. అక్కడ లెక్క తేల్చినది ఐదుగురు కౌలుదారులున్న సంఘం. ఇక్కడ తేల్చినది పట్వారీ. పట్వారీ పదవి వంశపారంపర్యం, చాల చోట్ల దొర కనుసన్నలలోనిది. ఆ పద్ధతి 1984లో పటేల్–పట్వారీ వ్యవస్థ రద్దయ్యేవరకు సాగినది. పహాణీలో పెన్సిలుతో వ్రాసిన పేరు, సిరాతో వ్రాసిన పేరు – ఈ రెండింటి నడుమ ఎన్ని కుటుంబాల భాగ్యం మారినదో!

ఇంతమాత్రం చెప్పి ఊరకుంటే మనవారికి అన్యాయం చేసినట్లగును. జపానులో సంస్కరణ జరిపినది పరాయి సైన్యం. దానికి ఆ దేశపు భూస్వాముల ఓటుతో పని లేదు. తైవాన్ ఏలినవారు సముద్రం దాటి వచ్చినవారు. ఆ దీవిలో వారికి సెంటు భూమి లేదు, బంధుత్వమూ లేదు. అంతేకాక అక్కడ జపాను పాలకులు ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే గట్టు గట్టు కొలిచి పెట్టిన పటాలు ఉన్నవి. మన శాసనసభ్యులలో అనేకులు భూస్వాములు, ప్రజలు ఎన్నుకొన్నవారే. ఎన్నికలు, కోర్టులు, హక్కులు నిలుపుకొంటూ భూమి పంచుట సైన్యంతో పంచుటకంటె నిదానమైన పని. ఆ నిదానాన్ని నేను తప్పు పట్టను. నిదానంలో ఎవరు లాభపడినారన్నదే నా ప్రశ్న.

మరొక తేడా మన సమాజానిది. జపానులో, తైవాన్‌లో భూమి లేనివాడంటే ఎక్కువగా కౌలుదారే. వానికి నాగలి ఉన్నది, దున్నే పొలం ఉన్నది. తెలంగాణలో కౌలుదారు క్రింద ఇంకొక మెట్టు ఉన్నది. భగేలా, జీతగాడు, పాలేరు – ఎక్కువగా మాల, మాదిగ కులాలవారు – వారికి కౌలు హక్కే లేదు. లేని కౌలుకు రక్షణ ఏమిటి? రక్షిత కౌలుదారీ చట్టం పూర్తిగా అమలు జరిగి ఉన్నను ఆ మెట్టు మీద ఉన్నవానికి ఒక్క గుంట దక్కేది కాదు. జపాను చట్టాన్ని తెచ్చి అక్షరం తప్పకుండ ఇక్కడ నాటినను ఈ కొరత తీరేది కాదు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావేను అడిగినవారు ఈ మెట్టు మీదివారే. నలభై హరిజన కుటుంబాలు, నలభై ఎకరాల తరి, నలభై ఎకరాల ఖుష్కీ కావలెనన్నవి. ప్రభుత్వానికి వ్రాయుదునని చెబుతూనే వినోబా ఊరివారి వైపు తిరిగి అడిగినారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇత్తునన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టినది. తరువాత దేశమంతటా నలభై లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు వచ్చినవి. వానిలో రాళ్ళు, గుట్టలు, దావాలోని భూములు ఎన్నో. మనసు మార్చుట మీద వినోబాకు ఉన్న విశ్వాసాన్ని నేను పరిహసించను. కాని దానంగా వచ్చినది దాత ఇష్టం. హక్కుగా వచ్చినది దున్నేవాని ఇష్టం. ఈ భేదం పేదవానికి తెలిసినంత స్పష్టంగా ధర్మోపదేశకులకు తెలియదు.

భూమి చేతికి వచ్చిన రైతు ఏమి చేయును? ముందు కడుపునిండ తినును. తరువాత పొలానికి ఎరువు వేయును. ఆ తరువాత బజారుకు పోవును. జపాను పల్లెలు యుద్ధానంతరం ఆ దేశపు ఫ్యాక్టరీలకు పెద్ద బజారైనవి. 1955లో టోక్యోలో ఒక చిన్న కంపెనీ – తరువాత సోనీ పేరుతో ప్రసిద్ధమైనది – ఆ దేశపు తొలి ట్రాన్సిస్టరు రేడియోను అమ్మకానికి పెట్టినది. మన ఊళ్ళలో హోటలు బల్ల మీద రేడియో చుట్టూ జనం మూగి వార్తలు వినిన రోజులు మీలో పెద్దలకు జ్ఞాపకం ఉండును. ఎవరి ఇంటికి రేడియో ముందుగా వచ్చునన్నది విద్యుచ్ఛక్తి ప్రశ్న మాత్రమే కాదు. పంటలో ఎన్ని పాళ్ళు ఇంటిలో మిగులునన్న ప్రశ్న కూడ. పరిశ్రమలు ముందా, భూమి ముందా అని మన ప్రణాళికావేత్తలు చాలాకాలం వాదించినారు. తైవాన్ సిమెంటు వాటాల కథ విన్న తరువాత ఆ వాదన నాకు గుర్రం ముందా, బండి ముందా అన్నట్లు తోచును.

బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1954లో, హైదరాబాదు చట్టానికి ముఖ్యమైన సవరణ జరిగినది. కుటుంబ కమతం అనే కొలత పెట్టి, దానికి నాలుగున్నర రెట్లు మించి ఉంచుకొనరాదన్నారు. దానితోపాటు 38–ఇ అనే సెక్షను చేరినది. ప్రభుత్వం ఒక తేదీ ప్రకటించిన వెంటనే, అడుగనక్కరలేకుండ, రక్షిత కౌలుదారే యజమాని అగును. ఇదే జపాను సూత్రం! మనవారికి సూత్రం తెలియక కాదు. ఖమ్మం ప్రాంతంలో 1955లో దానిని అమలుపరచినారు. మిగిలిన తెలంగాణ జిల్లాలకు ఆ తేదీ 1973 జనవరి 1. నడుమ గడచినవి పద్దెనిమిదేండ్లు. ఆ పద్దెనిమిదేండ్లలో నూరుమందిలో మిగిలిన ఆ నలభై ఐదుగురు ఎంతమంది అయినారో ఊహింపవచ్చును. ఆ 1973లోనే భూపరిమితి చట్టం వచ్చినది. తరిని బట్టి పది నుండి 27 ఎకరాలు, ఖుష్కీ అయితే 35 నుండి 54 ఎకరాలు. 1961లో ఒక పరిమితి చట్టం వచ్చి ఉండుటచేత భూములు పంచుకొనుటకు, పేర్లు మార్చుకొనుటకు భూస్వాములకు కావలసినంత వ్యవధి దొరికినది.

లాడెజిన్‌స్కీ 1960 దశకం మొదట ప్రణాళికా సంఘం కోరగా ఐదు జిల్లాలలో కౌలు స్థితిని పరిశీలించినాడు. వానిలో పశ్చిమ గోదావరి ఒకటి. కాలువ నీరు, ఎరువులు, మంచి విత్తనాలు ఇచ్చి పంట పెంచే పథకానికి ఎన్నికైన జిల్లా అది. ఆయన చూచినది నోటిమాట కౌలు. కాగితం లేదు, రసీదు లేదు, ఏటేటా మారే కౌలుదారు. కాగితం లేనివానికి సహకార సంఘం అప్పు లేదు. అప్పు లేనివానికి ఎరువు లేదు. జపాను పల్లెలో నాలుగేండ్లలో జరిగినది చూచిన కళ్ళతో ఆయన గోదావరి పల్లెను చూచినాడు. ఆ నివేదిక అచ్చయినది, చదివినవారు మెచ్చినారు.

2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకాన్ని ఆరంభించి, పంటకు ఎకరానికి నాలుగు వేల రూపాయల చొప్పున పెట్టుబడి సహాయం ఇచ్చినది. ఏ షరతూ లేకుండ నేరుగా రైతుకు సొమ్ము ఇచ్చుట సామాన్యమైన విషయం కాదు. అయితే ఆ సొమ్ము పోయినది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవానికి. కౌలుదారుకు పోలేదు. 2020లో వచ్చిన కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టంతో, ధరణితో, అనుభవదారు అనే గడి కూడ దస్త్రంలో కనబడకుండ పోయినది. 1950లో ఆ గడిలో పేరు వ్రాయించుకొనుటకే ఆరు లక్షలమంది ప్రయాసపడినారు.

1954–55లో వ్రాసిన ఖాస్రా పహాణీలు తెలంగాణ భూ తగవులలో మూలపత్రాలు. ఉర్దూలో వ్రాసిన ఆ పెద్ద పుస్తకాలు అంచులు చిట్లి, మడతల వద్ద చిరిగి ఉన్నవి. 38–ఇ సర్టిఫికెట్టు పొందినవాని మనుమడు ఆ పుస్తకంలో తన తాత పేరున్న పేజీ నకలు కొరకు దరఖాస్తు పెట్టుకొని, ఉర్దూ చదువగలిగిన ముసలి గుమాస్తా ఎక్కడ దొరకునా అని వెదకుట నేటికీ జరుగుతున్నది.